పసుపు మరక పరీక్ష రెండుసార్లు చేస్తే రెండు ఫలితాలు: బాబు ఏది రాయాలి?

ఖమ్మం దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాం.

బాబు ఏడో తరగతి. బడిలో సైన్స్ ఫెయిర్‌కి ఇంకా మూడు వారాలుంది. "ఏ బట్టల పౌడరు పసుపు మరకను బాగా వదిలిస్తుంది?" అనే ప్రశ్న వాడే ఎంచుకున్నాడు. ఇంట్లో వాడే ఖరీదైన పౌడరు, సందు చివర కొట్లో లూజుగా అమ్మే చవక పౌడరు, నాయనమ్మ కొట్టి పెట్టిన కుంకుడుకాయ పొడి తీసుకున్నాడు. పాత తెల్ల పంచె చింపి మూడు ముక్కలకు పసుపు పూశాడు. ఒక్కోదానికి ఒక చెంచాడు పొడి వేసి ఉతికి డాబా మీద ఆరేశాడు. చవక పౌడరు గెలిచింది. వాళ్ల నాన్న "అదెలా కుదురుతుంది, మళ్లీ చెయ్యి" అన్నారు. మరుసటి ఆదివారం ముసురు పట్టింది. ముక్కలు ఇంట్లో ఫ్యాను కింద ఆరాయి, కుళాయి రాక బోరు నీళ్లు వాడారు. ఈసారి ఖరీదైనది గెలిచింది. రెండుసార్లూ పౌడరు నీళ్లు తగలగానే మరకలు ఎర్రబడ్డాయి, కుంకుడు ముక్క మాత్రం పచ్చగానే ఉంది.

"మొదటిది తీసేసి రెండోది రాసెయ్, జడ్జీలకు ఒకటే జవాబు కావాలి" అని నాన్న సలహా. బాబు నోటుబుక్కులో అంకెలు రబ్బరుతో చెరిపి మార్చేశాడు. పైగా "సైన్సంతా ఉత్తిదే, మనకేది కావాలో అది రాసుకోవచ్చు" అన్నాడట. టీచరు చూసి, ఇది కాదు, లైట్లు వెలిగే మోడల్ తెమ్మన్నారు. తల్లి అడిగేవి మూడు: ఏ ఫలితం నిజం? అంకెలు మార్చిన సంగతి వాడితో ఎలా మాట్లాడాలి? ఇంటర్‌తో చదువు ఆపేసిన తాను దీన్ని సరిదిద్దగలరా, లేక ఒక మోడల్ కొనిచ్చి ఊరుకోవాలా?

సమాధానం:

అమ్మా, మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ముసురు, ఫ్యాను, బోరు నీళ్లు అని మీరు గుర్తుపెట్టుకుని రాశారు. ఈ పనికి కావలసిన చదువు అదే. ఆ వివరాలు లేకపోతే మీ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేకపోయేవారు.

ఇక ఏ ఫలితం నిజమంటే, రెండూ నిజమే. చెరపకముందు బాబు చూసింది చూసినట్టే రాశాడు. కాకపోతే అవి ఒకే పరీక్షను రెండుసార్లు చేసినవి కావు, రెండు వేర్వేరు పరీక్షలు. పసుపు రంగుకు మూలమైన కర్క్యుమిన్ వెలుతురు తగిలితే విరిగిపోతుంది. ఈ సంగతి మీ అత్తయ్యగారికి ఎప్పటినుంచో తెలిసే ఉంటుంది, పసుపు మరక పడిన బట్టను ఎండలో వెయ్యమంటారు కదా. మొదటి ఆదివారం మరకను కొంత పౌడరు, కొంత ఎండ వదిలించి ఉంటాయి. ఏ ముక్క పిట్టగోడ నీడలో పడిందో, ఏది నడి ఎండలో ఉందో బాబు రాసుకోలేదు. చవక పౌడరు ముక్కకు గంటో రెండు గంటలో ఎండ ఎక్కువ తగిలి ఉంటే, గెలిచింది పౌడరు కాదు, ఎండ.

రెండోసారి ఎండ తప్పుకుంది, దాని బదులు నీళ్లు మారాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే వాటిని కఠిన జలం అంటాం. అవి పౌడరులో కొంత భాగాన్ని పనికి రాకుండా చేస్తాయి. ఖరీదైన పౌడర్లలో ఈ లవణాలను పట్టి ఉంచే పదార్థాలు సాధారణంగా కలుపుతారు. లూజు పౌడరులో చాకలి సోడాతోపాటు ఉప్పులాంటి నింపుడు సరుకు ఎక్కువ ఉండొచ్చు. అంటే బోరు నీళ్లు ఖరీదైనదానికి అనుకూలించి ఉండొచ్చు. ఉండొచ్చు అనే అంటున్నాను, ఎందుకంటే ఒకేసారి రెండు సంగతులు మారాయి. ఎండ పోవడం వల్లనా, నీళ్లు మారడం వల్లనా అన్నది ఈ రెండు పరీక్షలను ఎంత తిప్పి చూసినా తేలదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి అని పాఠ్యపుస్తకంలో ఉండే మాటకు అర్థం బాబుకి మీ డాబా మీదే దొరికింది.

చెంచాతో కొలవడంలోనూ చిక్కుంది. ఖరీదైన పౌడర్లలో చాలావాటి గింజలు లోపల బోలుగా, తేలిగ్గా ఉంటాయి. సోడా ఎక్కువున్న లూజు పౌడరు బరువుగా ఉంటుంది. అదే చెంచాలో చవక పౌడరు దాదాపు రెట్టింపు బరువు పట్టినా ఆశ్చర్యం లేదు. కుంకుడు పొడి బరువు ఇంకోలా ఉంటుంది. కాబట్టి మూడింటికీ సమానంగా వేశాననుకున్నాడు గానీ, వేయలేదు.

ఎర్రబడటం గురించి కంగారు పడకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది, ఇదీ అదే. బట్టల పౌడరు క్షారం. క్షారం తగిలితే కర్క్యుమిన్ ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. కుంకుడు రసం కాస్త ఆమ్లం వైపు ఉంటుంది కాబట్టి ఆ ముక్క ఎర్రబడలేదు. దీనివల్ల పరీక్షకు ఒక ఇబ్బంది ఉంది: సరిగ్గా జాడించని ముక్కలో ఎరుపు మిగిలితే కంటికి మరక ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. దీనికి విరుగుడు కింద చెబుతాను.

ఇప్పుడు చెరిపిన అంకెల సంగతి. కోప్పడితే వాడు అంకెలు మార్చడం మానడు, మార్చి దాచడం నేర్చుకుంటాడు. చెరిపిన పేజీ చింపనివ్వకండి. రబ్బరు పెట్టినా పాత అంకెలు లీలగా కనిపిస్తూనే ఉంటాయి, లేకపోతే వాడికి గుర్తుంటాయి. వాటిని పక్కనే పెన్నుతో మళ్లీ రాయించి, తారీకు వేయించండి. ఇకమీదట పెన్సిలు వద్దు, పెన్నే. తప్పు పడితే కింది అంకె కనబడేలా ఒక్క అడ్డగీత కొట్టి పక్కన సరైనది రాయాలి, ఎందుకు కొట్టేశాడో రెండు మాటలు రాయాలి. ప్రయోగశాలల్లో నోటుబుక్కు రాసే పద్ధతి ఇదే.

"కావలసింది రాసుకోవచ్చు" అన్న మాటకు ఉపన్యాసం అక్కర్లేదు. ఒక ప్రశ్న వేసి వదిలేయండి: "నువ్వు రాసింది చూసి ఇంకొకరు వాళ్లింట్లో చేస్తే, వాళ్లకీ అదే వస్తుందా?" వాడికి ఆ అనుమానం తగిలితే చాలు.

మీవారి విషయంలో కొంచెం న్యాయంగా ఉందాం. ఒక్క ముక్క చూసి నమ్మను, మళ్లీ చెయ్యమనడం సరైన పనే. ఆయన పొరపాటు పడింది అక్కడ కాదు. తనకు నచ్చిన ఫలితం రాగానే మూడోసారి చెయ్యమనలేదు, అక్కడ. నచ్చని ఫలితాన్ని రెండుసార్లు అనుమానించి, నచ్చినదాన్ని ఒక్కసారికే నమ్మడం అందరికీ ఉన్న అలవాటు. దాన్ని ఎత్తిచూపి పిల్లవాడి ముందు గొడవ పెట్టుకోవడంకన్నా, ఆయనకు పరీక్షలో పని అప్పజెప్పండి. మార్కులు వేసే వాళ్లలో ఆయన ఒకరవుతారు, ఏ ముక్క ఏ పౌడరుదో తెలియకుండా.

మీ ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది, పరీక్షను పద్ధతిగా మళ్లీ చేయడం. రెండు శనివారాలు, రెండు ఆదివారాలు పడుతుంది. ఇంట్లో లేనివాటిలో కొనాల్సింది అర మీటరు తెల్ల కాటన్ గుడ్డ, మందుల షాపులో సూది లేని 2 మి.లీ., 50 మి.లీ. సిరంజీలు. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా పక్కింటివాళ్లదైనా చాలు.

కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, అది మరకను పైపైనే ఆపేస్తుంది. కాబట్టి ముందు వేడినీళ్లలో ఉతికి ఆరబెట్టండి. 10 సెంటీమీటర్ల చదరాలుగా 30 ముక్కలు కత్తిరించాలి. ఇరవై పరీక్షకు, మిగతావి మరక ఎంత మిగిలిందో పోల్చి చూసే కొలబద్దకు, పాడైపోయేవాటి బదులుకు. ఒక్కోదానికి అయిదు ముక్కలు: ఖరీదైన పౌడరు, చవక పౌడరు, కుంకుడు, నాలుగోది ఉత్త నీళ్లు. ఈ ఉత్త నీళ్ల ముక్కలు లేకపోవడమే మొదటి పరీక్షలో అన్నిటికన్నా పెద్ద లోపం. నీళ్లతోనే ఎంత పోతుందో తెలియకుండా పౌడరు ఎంత వదిలించిందో ఎలా చెబుతాం?

మరకకు 3 గ్రాముల పసుపు, అంటే సుమారు ఒక టీ చెంచాడు, 30 మి.లీ. వేరుశనగ నూనెలో వేసి మీరే కాస్త గోరువెచ్చగా చేసి చల్లార్చండి. పొడి అడుగుకు దిగుతుంది. పలచటి గుడ్డతో వడకట్టి, వచ్చిన పసుపు నూనెనే వాడాలి, లేదంటే మొదటి ముక్కకూ చివరి ముక్కకూ మరక చిక్కదనం మారిపోతుంది. ప్రతి ముక్క మధ్యలో చిన్న సిరంజితో 0.5 మి.లీ. వదిలి, బీరువాలాంటి చీకటి చోట ఒక రాత్రి ఉంచండి.

పౌడరును 5 గ్రాములు తూచబోతే వంటింటి కాటా ఒక గ్రాము అటూఇటూ చూపిస్తుంది, అంటే నూటికి ఇరవై వంతులు తప్పు. అందుకని 20 గ్రాములు తూచి లీటరు నీళ్లలో కరిగించండి. అందులోంచి 50 మి.లీ. తీసి 150 మి.లీ. నీళ్లు కలిపితే లీటరుకు 5 గ్రాముల లెక్కన 200 మి.లీ. తయారవుతుంది. తీసే ప్రతిసారీ బాగా కలపాలి, కరగనిది అడుగున కూర్చుంటుంది. తూచేముందు ప్యాకెట్టునూ బాగా కుదపండి, చిన్న గింజలు కిందికి చేరతాయి. కుంకుడు పొడికీ అదే బరువు, రాత్రి నానబెట్టి వడకట్టాలి. నీళ్లన్నీ ఒకే బకెట్లోవి, ఒకే పూటవి కావాలి.

చేత్తో రుద్దవద్దు. బాబుకి మూడో ముక్క దగ్గర ఉన్న ఓపిక పదిహేనోదాని దగ్గర ఉండదు. లీటరు ప్లాస్టిక్ సీసాలో 200 మి.లీ. ద్రావణం పోసి ముక్క వేసి, 30 నిమిషాలు నానాక 50 సార్లు ఊపాలి. తర్వాత మంచినీళ్లు 200 మి.లీ. చొప్పున రెండుసార్లు మార్చి, పదేసి సార్లు ఊపి జాడించాలి. చివర అన్ని ముక్కలనూ, ఉత్త నీళ్లవాటితో సహా, అర లీటరు నీళ్లలో ఒక చెంచాడు నిమ్మరసం పిండిన గిన్నెలో ఒక నిమిషం ముంచండి. ఇందాక చెప్పిన ఎరుపుకు విరుగుడు ఇదే: ఎరుపేమైనా మిగిలి ఉంటే పచ్చబడి, ముక్కలన్నీ ఒకే రంగు మీదికి వస్తాయి. ఇంటి లోపల ఒకే దండెం మీద, పౌడరువారీగా కాకుండా కలగాపులగంగా ఆరేయండి. సీసాలు నాలుగే ఉంటే విడతకు నాలుగు రకాలూ ఒక్కోటి చేయాలి. మొదటి అయిదూ ఒకే పౌడరుతో చేస్తే, పొద్దున్నకూ సాయంత్రానికీ మారే వేడిమి ఆ పౌడరు ఖాతాలో పడుతుంది.

కొలబద్ద లేకపోతే మళ్లీ "నాకు ఇది తెల్లగా ఉంది" దగ్గరికే వస్తాం. అదే పసుపు నూనెను మామూలు నూనెతో సగానికి, అందులో సగానికి, ఇంకా సగానికి, మరో సగానికి పలుచన చేసి, ఒక్కో ముక్కపై 0.5 మి.లీ. వేయండి. అసలు నూనె మరక 5, తర్వాతవి వరుసగా 4, 3, 2, 1, తెల్ల ముక్క 0. ప్రతి ముక్క అంచున పెన్సిలుతో ఒక అంకె వేసి (పెన్ను, మార్కరు నీళ్లకు పారతాయి), ఏ అంకె ఏ పౌడరుదో మీరొక్కరే కాగితం మీద రాసి దాచండి. బాబు, నాన్న, నాయనమ్మ కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఒకరి మార్కులు ఒకరికి చెప్పకుండా వేస్తారు. ఫోన్ ఫొటోలను నమ్ముకుంటే అన్ని ముక్కలూ ఒకే ఫొటోలో రావాలి. విడివిడిగా తీస్తే కెమెరా ప్రతిదానికీ రంగు తనంతట తానే సర్దేస్తుంది.

మార్కులు వేయకముందే ముగ్గురూ ఏది గెలుస్తుందనుకుంటున్నారో నోటుబుక్కులో రాసి సంతకాలు పెట్టాలి. తర్వాత "నేను ముందే అనుకున్నా" అనే మాటకు చోటుండదు.

ఫలితం ఎలా చదవాలో ఊహకు ఒక లెక్క: ఒక పౌడరు అయిదు ముక్కలకు 2, 2, 3, 2, 3 వస్తే సగటు 2.4. ఇంకోదానికి 2, 3, 2, 2, 2 వస్తే 2.2. ఉత్త నీళ్లకు 4, 5, 4, 4, 5 వస్తే 4.4. ఇక్కడ 2.2 గెలిచిందని రాయకూడదు. రెండింటి ముక్కలూ 2కీ 3కీ మధ్యే తిరుగుతున్నాయి, మళ్లీ చేస్తే తారుమారు కావచ్చు. "రెండూ నీళ్లకన్నా స్పష్టంగా మేలు, వాటి మధ్య తేడా మా పరీక్షకు అందలేదు" అన్నదే నిజమైన జవాబు. మీవారికి ఇది చప్పగా అనిపిస్తుంది, ముందే చెప్పి ఉంచండి.

ఈ దారిలో కష్టం శ్రమ. ఉతకడానికే ఒక ఆదివారం మొత్తం పోతుంది, పనులన్నీ మీ నెత్తిన పడే ప్రమాదమూ ఉంది. తూచడం, ఊపడం, రాయడం బాబు చేయాలి. నూనె వేడి చేయడం, అంకెల కాగితం దాచడం మాత్రమే మీవి.

రెండో దారి, ఉన్న రెండు ఫలితాలనూ దాచకుండా చూపించి, ప్రశ్న మార్చుకోవడం: "నా ఫలితం ఎందుకు తిరగబడింది?" దీనికి పౌడర్లే అక్కర్లేదు. పై పద్ధతిలో మరక వేసిన ముక్కలు అయిదు ఎండలో, అయిదు అదే దండెం మీద నల్లటి కాగితం చుట్టి, అయిదు ఇంట్లో పెట్టి, రెండేసి గంటలకు కొలబద్దతో చూడటమే. పని తక్కువ, తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాడి అనుభవంలోంచి పుట్టిన ప్రశ్న కాబట్టి జడ్జీలు ఏమడిగినా తడుముకోడు. ఇబ్బందల్లా ఎండ కాయాలి. అదీగాక, పౌడర్లలో ఏది మేలో తేలదు, ఇంట్లో ఆ వాదన అలాగే ఉంటుంది. నన్నడిగితే మూడు వారాల గడువుకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, కానీ బాబుకి పౌడర్ల సంగతి తేల్చాలన్న పట్టుదల ఉంటే మొదటిదాన్నే పట్టుకోనివ్వండి.

మూడోది, తేలికైన వస్తువు ఎంచుకోవడం. అగరువత్తులు దీనికి బాగుంటాయి, రంగు చూసి మార్కులు వేసే బాధ లేదు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. మూడు రకాలు, రకానికి అయిదు. ప్రతి వత్తిపై పెన్సిలుతో 10 సెంటీమీటర్లు గుర్తు పెట్టి, ఆ మేర కాలడానికి పట్టే సమయం రాయాలి. ఫ్యాను ఆపి, పైన తెరిచి ఉన్న అట్టపెట్టెలో గుచ్చాలి, గాలి తగిలితే తొందరగా కాలుతుంది. వంచి గుచ్చితే కాలే వేగం మారుతుంది కాబట్టి అన్నీ నిటారుగానే ఉండాలి. ప్యాకెట్లన్నీ ఒకే రోజు విప్పాలి, చెమ్మ పట్టినది నెమ్మదిగా కాలుతుంది. ఒకసారి రెండుకన్నా ఎక్కువ వెలిగించకండి, పొగ. నష్టం ఏమిటంటే, అంకెలు చెరిపిన ఆ కథ నుంచి తప్పించుకున్నట్టవుతుంది.

నాలుగోది, టీచరు అడిగిన మోడల్. చిన్నచూపేమీ లేదు, వైర్లు బాబు తానే కలిపితే దానిలోనూ నేర్చుకునేది ఉంటుంది. కొని తెచ్చిపెడితే మాత్రం డబ్బు దండగ. కానీ ఈ నిర్ణయానికి ముందు టీచరుతో ఒకసారి మాట్లాడండి. ఆయన చూసింది మూడు మరక ముక్కలు, చెరిపిన అంకెలు. అది ప్రాజెక్టులా కనిపించకపోవడం సహజం. ఇరవై ముక్కలు అట్ట మీద వరుసగా గుచ్చి, పైన కొలబద్ద, కింద పట్టిక పెట్టి చూపిస్తే మాట మారవచ్చు. మారకపోతే మార్కుల కోసం మోడల్ బడికి వెళుతుంది, పరీక్ష ఇంట్లో సాగుతుంది. రెండూ చేయడానికి సమయముందా అన్నది మీ ఇంటి లెక్క.

ఏ దారైనా జాగ్రత్తలు ఇవి. పొడి ఎగిరి ముక్కులో పోకుండా నెమ్మదిగా తీయాలి, కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి. వాడు ఉత్సాహంలో "ఇంకా బాగా పోతుందేమో" అని బాత్‌రూమ్ సరుకులు కలపబోతాడు. బట్టల బ్లీచును టాయిలెట్ కడిగే ఆమ్లంతో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఆ రెండు సీసాలూ పరీక్ష రోజున తాళంలో ఉండాలి. డ్రైనేజీ పైపులు శుభ్రం చేసే పొడిని అసలు తాకనివ్వకండి.

మొదటి దారి పట్టేట్టయితే, ప్రశ్నను ఇంకొంచెం సూటిగా రాయించండి. "ఏది మంచిది" అన్నదానికి కనీసం మూడు అర్థాలున్నాయి: ఒకే బరువుకు ఏది, ప్యాకెట్టు మీద చెప్పిన మోతాదుకు ఏది, ఒకే డబ్బుకు ఏది. కిలో 200 రూపాయల పౌడరు 5 గ్రాములంటే రూపాయి, కిలో 60 రూపాయలది 5 గ్రాములంటే 30 పైసలు. మార్కులు సమానంగా వస్తే బరువు లెక్కన పోటీ సమం, డబ్బు లెక్కన చవకది మూడు రెట్లకు పైగా మేలు. మీ ఇంట్లో ఒకరు బరువు గురించీ, ఇంకొకరు ధర గురించీ మాట్లాడుతూ వాదించుకుంటున్నారేమో చూడండి.

ఫెయిర్‌లో పెట్టే అట్ట మీద కంపెనీ పేర్లు వద్దు, ఏ, బి, సి అని రాయించండి. వాడు చూసింది ఒక ఊరి నీళ్లలో, ఒక గుడ్డ మీద, ఒక మరక గురించి. పేర్లు రాస్తే అది ఆ కంపెనీ మీద తీర్పులా చదువుతారు. ఏది ఏదో రాసిన కాగితం నోటుబుక్కులో అంటించి ఉంచితే, జడ్జీ అడిగినప్పుడు తీసి చూపిస్తాడు.